కొండమీదికి పంపిన పిల్ల

కొండమీది ఆసుపత్రి, మహిళల వార్డు
వానలు పట్టిన వారం

అక్కకి,

నువ్వు పంపిన ఫోటో అందింది. నర్సమ్మ దాన్ని నా చేతికివ్వకుండా ముందు వార్డంతా తిప్పింది. అందరూ చూసి, తలా ఒక మాట అన్నాక చివరికి నా దాకా వచ్చింది. పిల్ల ఇంత పొడుగు ఎప్పుడైంది? మోకాళ్ళ మీద ఆ దెబ్బలేమిటి? ముక్కు మాత్రం వాళ్ళ నాన్నదే. ఆయన పోయేనాటికి ఇది ఇంకా కడుపులోనే ఉంది. జబ్బు నాకిచ్చాడు, ముక్కు దీనికిచ్చాడు.

వాన పట్టిందంటే ఇక్కడ ఏమీ కనబడదు. కిటికీ అవతల తెల్లగా ఉంటుంది, అంతే. నా పక్క మంచం పొడుగావిడ ఇంటికి వెళ్ళిపోయింది. ఆవిడ దగ్గినప్పుడల్లా విసుక్కునేదాన్ని. ఇప్పుడు ఆ దగ్గు వినబడక నిద్ర పట్టడం లేదు. ఆవిడ మంచం మీద ఉతికిన దుప్పటి పరిచారు. ఇంకా ఎవరూ రాలేదు.

డాక్టరు గారు ఎప్పటి మాటే అన్నారు, చూద్దాం అని.

ఒక మాట అడుగుతాను, దాచకుండా చెప్పు. పిల్ల నన్ను అడుగుతుందా? పాలు తాగే పిల్లని నీ చేతుల్లో పెట్టి ఇక్కడికొచ్చాను. దానికి నడక వచ్చాక నువ్వొకసారి తీసుకొస్తే అద్దాల తలుపు ఇవతలినుంచి చూశాను. అది అద్దానికి ముక్కు ఆనించి, ఆవిరి పట్టించి, వేలితో గీతలు గీసుకుంది. నన్ను చూడలేదు, గీతల్ని చూసుకుంది. ఆ తర్వాత తీసుకురావద్దని నేనే అన్నాను. జబ్బు అంటుతుందని అన్నాననుకున్నావు. సగం అందుకే.

నీ చెల్లి


కళ్ళజోళ్ళ దుకాణం, పైగది
వానలే ఇంకా

చెల్లాయికి,

నీ ఉత్తరం వచ్చేసరికి నేను అద్దం ఒకటి అరగదీస్తున్నాను. చేతులనిండా ఎర్ర పాలిష్ పొడి. అందుకే నీ ఉత్తరం అంచులు ఎర్రబడ్డాయి. కడుక్కుని తెరిచే ఓపిక నాకెక్కడిది.

ముందు మోకాళ్ళ సంగతి. మెట్ల పక్కనున్న ఇనప కమ్మీ మీద జారుతుంది. వద్దంటే ఇంకా జారుతుంది. దానికి పిడుగు అని పేరు పెట్టింది మా ముసలాయనే, అదే దుకాణం యజమాని. ఇప్పుడు వీధి వీధంతా అదే పిలుపు. మొన్న ఒక పెద్దమనిషి కొత్త ఫ్రేము పెట్టుకుని అద్దంలో అటూ ఇటూ చూసుకుంటున్నాడు. కౌంటరు మీద కూర్చున్న పిడుగు, "ఇది పెట్టుకుంటే మీరు గుడ్లగూబలా ఉన్నారండీ" అంది. ఆయన ఇంకోసారి చూసుకుని, "నిజమేనమ్మా" అని వేరేది తీసుకున్నాడు. అప్పటినుంచి ముసలాయన దాన్ని పక్కనే కూర్చోబెట్టుకుని, ఎవరొచ్చినా, "ఏమంటావే?" అని అడుగుతున్నాడు. పాపం ఆయనకి చూపు బాగా తగ్గింది. పని దాదాపు నా మీదే నడుస్తోంది.

దాచకుండా చెప్పమన్నావు కదా, విను. అది నన్ను అమ్మా అంటుంది. నేను పెద్దమ్మా అనే నేర్పాను. నాలుక తిరగని రోజుల్లో ముందు ముక్క మింగేసేది. నాలుక తిరిగాక కూడా ఆ ముక్క తిరిగి రాలేదు. సరిదిద్దుతూ వచ్చాను. ఈమధ్య తగ్గించాను. నిన్ను 'కొండమీద అమ్మ' అంటుంది. రోజూ పడుకునే ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "ప్రభువా, కొండమీద అమ్మకి దగ్గు తగ్గించు, ముసలాయనకి కళ్ళు బాగుచెయ్యి, నాకు ఊడిన పన్ను తొందరగా రప్పించు" అని ఒక్క ఊపిరిలో చెప్పేస్తుంది. నిన్ను అడగదు. నీ కోసం అడుగుతుంది. నీకు నచ్చినట్టు తీసుకో.

పక్క మంచం దగ్గు వినబడక నిద్ర పట్టడం లేదని రాశావు. ఇక్కడ పిడుగు నిద్రపోయాక నాకూ అంతే.

అక్క


కొండమీది ఆసుపత్రి
వానలు తగ్గాయి

అక్కకి,

ఉత్తరం అందింది. సంతోషం. పిల్ల ఆరోగ్యంగా ఉంది, అంతకంటే ఏం కావాలి.

దాన్ని సరిదిద్దకు. పిలవనీ.

నేను బాగానే ఉన్నాను. ఊరికే కూర్చోలేక ఆసుపత్రి టెలిఫోను గదిలో కూర్చుంటున్నాను. బయటినుంచి పిలుపు వస్తే ఫలానా వార్డుకు కలపడం, అంతే పని. రోజంతా ఎవరెవరో తమవాళ్ళ గొంతు కోసం ఎదురుచూస్తుంటారు. కలిపి, నేను తప్పుకుంటాను.

ఇక్కడ విశేషాలేమీ లేవు. చలి మొదలైంది. పిల్లకి చెవులు మూసే టోపీ వెయ్యి.

నీ చెల్లి


కళ్ళజోళ్ళ దుకాణం, పైగది
చలికాలం

చెల్లాయికి,

నీ ఉత్తరం మరీ ముక్తసరిగా ఉంది. పెళ్ళిలో అలిగినవాళ్ళు కూడా అంతకంటే ఎక్కువ మాట్లాడతారు. అమ్మా అంటుందని రాసినందుకు నీ మనసు నొచ్చుకుందని తెలుసు. కానీ అబద్ధం రాయమంటావా?

ఈ ఆదివారం చర్చిలో నాకూ పాస్టరు గారికీ చిన్న గొడవైంది. ఆయన ప్రసంగం, ఒక్కగానొక్క కొడుకుని దేవుడు అడిగితే కొండమీదికి బలికి తీసుకెళ్ళిన తండ్రి గురించి. మనకి అత్యంత ప్రియమైనది ఏదో అదే ఆయన చేతిలో పెట్టాలని, అదే నిజమైన అర్పణ అని చక్కగా చెప్పాడు. పక్కవాళ్ళంతా కళ్ళు తుడుచుకున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. అందరూ వెళ్ళాక ఆగి అడిగాను.

"ఆ పిల్లాడి తల్లికి చెప్పే తీసుకెళ్ళాడాండీ?"

"వాక్యంలో ఆ సంగతి లేదమ్మా."

"లేదనే అడుగుతున్నాను. ఇంకోటి. ఆయనకి కొడుకు తిరిగి దక్కాడు. ఆ సంగతి ముందే తెలిసి మీరు చెప్తున్నారు, మేం వింటున్నాం. దక్కకపోతే ఈ కథ ఎవరైనా ఇంత నిబ్బరంగా చెప్పేవాళ్ళా?"

ఆయన కుర్చీలు సర్దడం మొదలుపెట్టాడు. చివరికి, "నాకూ తెలీదమ్మా, నాకింకా పిల్లలు లేరు" అన్నాడు. ఆ మాటకి నా కోపం దిగిపోయింది. కుర్చీలు ఇద్దరం కలిసి సర్దాం.

నాకెందుకు ఒళ్ళు మండిందో నీకు చెప్తాను. నీకు రక్తం పడిన ఏడాది, ఇంక ఆశ లేదని వాళ్ళు నన్ను పిలిపించారు. ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని, "ప్రభువా, నా దగ్గర నీకు ఏది కావాలంటే అది తీసుకో, దీన్ని మాత్రం ఉంచు" అన్నాను. ఎంత ధైర్యంగా అన్నానో. అప్పుడు నా దగ్గర ఏముంది గనక, ఒక పెట్టె, ఒక గొడుగు. ఒళ్ళో పిల్ల ఉంది గానీ అది నాదని ఇంకా అనుకోలేదు.

ఇంతకీ, నాకో అనుమానం. రోగుల్ని టెలిఫోను దగ్గర కూర్చోబెడతారా? నీ ఉత్తరం మీద ఈసారి వార్డు పేరు కూడా లేదు. డాక్టరు గారు ఏమన్నారు? నువ్వూ దాచకుండా చెప్పు.

అక్క


కొండమీది ఆసుపత్రి, ఉద్యోగుల వసతి
చలికాలం చివర

అక్కా,

పైన వసతి పేరు రాశాను. చూశావు కదా.

వానలు తగ్గే రోజుల్లోనే డాక్టరు గారు నా ఊపిరితిత్తుల ఫోటో దీపానికి పెట్టి చూపించి, "ఇంక నీకు జబ్బు లేదమ్మా, పిల్లని దగ్గర పెట్టుకున్నా భయం లేదు" అన్నారు. ఊళ్ళో పొగ, దుమ్ము మాత్రం పడవు, మళ్ళీ తిరగబెడుతుంది, ఈ గాలిలోనే ఉండాలి అన్నారు. టెలిఫోను ఉద్యోగం ఆయనే ఇప్పించారు. ఉండడానికి ఒక గది, ముందు చిన్న వసారా. కొండ దిగువన ఇక్కడి ఉద్యోగుల పిల్లలకి బడి కూడా ఉంది. అన్నీ అమిరాయి. గదిలోకి వచ్చిన రోజున ఒక చిన్న మంచం కూడా అడిగి తెచ్చి వేసుకున్నాను.

నీకు రాయకుండా నేనే వచ్చి నిలబడదామనుకున్నాను. సెలవు పెట్టి బస్సెక్కి వచ్చాను కూడా. మీ దుకాణానికి ఎదురుగా మందుల షాపు ఉంది చూడు, దాని ముందు నిలబడ్డాను. సాయంత్రం, మీరు దుకాణం కట్టేస్తున్నారు. పిల్ల షట్టరు దింపబోయి వేలు నలిపేసుకుంది. "అమ్మా" అని అరిచింది. అక్కా, నేను రోడ్డు దిగాను. నా కాలు రోడ్డు మీదికి వచ్చేసింది. అప్పటికే నువ్వు దాన్ని ఎత్తుకుని వేలు ఊదుతున్నావు. నీ చేతి ఎర్రపొడి దాని బుగ్గకంటింది. అది అద్దంలో చూసుకుని ఏడుస్తూనే నవ్వింది, నువ్వూ నవ్వావు. మందుల షాపతను, "ఏం కావాలమ్మా?" అని అడిగాడు. ఏమీ వద్దని చెప్పి బస్సెక్కాను.

ఆ రోజునుంచి ప్రార్థిస్తున్నాను. నీ పాస్టరు గారు చెప్పిందే నాకూ తోచింది. ప్రాణం తిరిగి ఇచ్చిన దేవుడికి నేను ఇవ్వగలిగింది అదొక్కటే. పిల్ల నీది. నేను పిన్నిగా ఉంటాను. ఎప్పుడైనా వచ్చి చూస్తే, పిన్ని వచ్చిందని చెప్పు. వాదించకు. ఇది నిర్ణయించుకునే రాస్తున్నాను.

నీ చెల్లి


కళ్ళజోళ్ళ దుకాణం, పైగది
చలి తగ్గింది

చెల్లాయికి,

నీకు నయమైందని చదవగానే మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. ముసలాయన కంగారుపడి కింద నుంచి, "ఏమైందమ్మా?" అని కేకేశాడు. మా చెల్లి బతికిందండీ అన్నాను.

తర్వాత మిగతాది చదివాను. నిజం చెప్పాలంటే, అది చదివి ఇంకా ఎక్కువ సంతోషించాను. పైకెళ్ళి నిద్రపోతున్న పిల్లని చూసుకున్నాను. నాది అనుకుంటూ చూశాను.

నువ్వు వాదించవద్దన్నావు. వాదించను. నువ్వు చెప్పినట్టే కానిద్దాం.

సెలవుల్లో రా. పిన్ని వస్తుందని చెప్తాను.

అక్క


కొండమీది ఆసుపత్రి, ఉద్యోగుల వసతి
ఎండలు మొదలు

అక్కకి,

మంచి మాట రాశావు. మనసు కుదుటపడింది.

సెలవులు ఇప్పట్లో దొరకవు. కొన్నాళ్ళు ఫోటోలు పంపకు, సరేనా. చిన్న మంచం పక్కింటివాళ్ళకి ఇచ్చేశాను. గది ఇప్పుడు విశాలంగా ఉంది. టెలిఫోను గదిలో ఎవరైనా పిల్లలు ఆసుపత్రిలో ఉన్న తల్లులతో మాట్లాడాలని పిలిస్తే, కలిపేసి చెవి దగ్గరి రిసీవరు తీసేస్తున్నాను.

నా గురించి ఆలోచించకు.

నీ చెల్లి


కళ్ళజోళ్ళ దుకాణం, పైగది
ఎండలు

చెల్లాయికి,

ఇన్నాళ్ళూ రాయలేదు. రాద్దామని కూర్చుంటే చెయ్యి సాగలేదు.

నువ్వు పిల్లని ఇచ్చేశాక మూడుసార్లు చర్చిలో రొట్టె, రసం పంచే ప్రభువు బల్ల వచ్చింది. మూడుసార్లూ నేను వరసలోంచి లేచి బయటికొచ్చేశాను. ఇంట్లో మోకరిస్తే మాట రాదు. పిడుగే ఇద్దరి ప్రార్థనా చేస్తోంది. మొన్న, "నువ్వెందుకు చెప్పవు?" అంది. "నువ్వు చెప్తున్నావుగా" అన్నాను. "నీ వాటా నువ్వు చెప్పుకో" అంది.

నీ ఉత్తరాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. చిన్న మంచం ఇచ్చేశానన్నావు. నీకు దేవుడి మీద భక్తి ఉంది, కాదనను. కానీ నువ్వు భయంతో ఇచ్చావు, పిల్ల నిన్ను తల్లిగా చూడదేమోనన్న భయంతో. నేను ఆశతో పుచ్చుకున్నాను. మధ్యలో దేవుడి పేరు ఇద్దరం వాడుకున్నాం. నువ్వు ఇవ్వనంటే, నేను వేరే దారి లేక వదులుకునేదాన్ని. ఏడ్చి, తిట్టుకుని, ఊరుకునేదాన్ని. ఇప్పుడలా కాదు. నాదే అని నువ్వే చెప్పావు. అడిగేవాళ్ళు ఎవరూ లేరు. అలాంటప్పుడు ఇవ్వగలనా అన్నదే నాకొచ్చిన పరీక్ష.

అందుకని పిల్లకి చెప్పాను. జడ వేస్తూ చెప్పాను, ముఖం కనబడదని.

"కొండమీద అమ్మకి జబ్బు తగ్గిపోయిందే."

"అయితే ఇంక ప్రార్థనలో చెప్పక్కర్లేదా?"

"స్తోత్రం చెప్పాలి."

"ఇక్కడికొస్తుందా?"

"ఇక్కడి పొగ ఆవిడకి పడదు. నువ్వే వెళ్ళాలి."

"నువ్వో?"

"నిన్ను దింపి వచ్చేస్తాను."

"మళ్ళీ ఎప్పుడు తీసుకొస్తావు?"

దువ్వెన ఆగిపోయింది. "నువ్వక్కడే ఉంటావు. నిన్ను కన్నది ఆవిడ."

గౌను అంచు వేలికి చుట్టుకుంది. తర్వాత మెల్లిగా, "నేను అల్లరి మానేస్తాను" అంది.

చెల్లీ, ఆ మాట దగ్గర నేను సగం చచ్చిపోయాను. "అల్లరికి కాదే" అన్నాను. "మరెందుకు?" అంది. "దేవుడు నిన్ను ముందు ఆవిడకిచ్చాడు" అన్నాను. "వద్దని చెప్పు ఆయనకి." "చెప్పానే. చాలాసార్లు చెప్పాను" అన్నాను. అప్పుడిటు తిరిగి నా ముఖం చూసింది. ఆ రోజునుంచి కమ్మీ మీద జారడం మానేసింది. మెట్లు ఒక్కొక్కటే దిగుతోంది. అది చూడలేకపోతున్నాను.

నన్ను కూడా కొండమీదికే వచ్చెయ్యమని నువ్వు అనకు. ఆలోచించాను. ముసలాయనకి చూపు ఆనదు, నేను కదిలితే దుకాణం మూతపడుతుంది, అదొక మాట. అసలు మాట వేరు. నేనక్కడుంటే అది దెబ్బ తగిలినప్పుడల్లా నా దగ్గరికే పరుగెత్తుకొస్తుంది. నువ్వు ఎప్పటికీ రోడ్డు అవతలే నిలబడతావు.

బడి తెరిచే ముందు ఆదివారం తీసుకొస్తున్నాను. మంచం వెనక్కి అడుగు.

అక్క


కొండమీది ఆసుపత్రి, ఉద్యోగుల వసతి
తొలి వానలు

అక్కా,

నువ్వు దింపి వెళ్ళినప్పటినుంచి రాద్దామనుకుంటూనే ఉన్నాను. ఏం రాయాలో తెలియక రాయలేదు.

పిల్ల మంచిగా ఉంటుంది. అదే భయంగా ఉంది. అన్నం పెడితే తింటుంది, బడికి పొమ్మంటే పోతుంది. "కావాలా?" అంటే, "వద్దండీ" అంటుంది. అండీ అంటుందక్కా నన్ను. వార్డులో కొత్తగా చేరినవాళ్ళు నర్సుల్ని అలా పిలుస్తారు. నేను జడ వేస్తే కదలకుండా కూర్చుని, నేను అటు తిరగగానే విప్పేసుకుంటుంది. సాయంత్రమైతే వసారాలో కూర్చుని బస్సు రోడ్డు కేసి చూస్తుంది. నేను వెళ్ళి పక్కన కూర్చుంటే కొంచెం జరుగుతుంది, నాకు చోటివ్వడానికి అన్నట్టు. చోటివ్వడానికి కాదని తెలుసు.

పిడుగు అని రాశావే అన్ని ఉత్తరాల్లో, ఆ పిల్ల ఎక్కడుంది? నాకు వేరే పిల్లనెవరినో ఇచ్చి వెళ్ళావేమో అనిపిస్తుంది.

ఒక్కోసారి కోపం వస్తుంది, దాని మీద కాదు, నీ మీద. ఎందుకంత బాగా పెంచావు. ఇలా రాస్తున్నందుకు క్షమించు. దాన్ని మళ్ళీ నీ దగ్గరికే పంపించనా? నిజంగా అడుగుతున్నాను. నా కోసం దాన్ని ఏడిపించే హక్కు మనకుందా?

నీ చెల్లి


కళ్ళజోళ్ళ దుకాణం, పైగది
వాన

చెల్లాయికి,

పంపించకు.

నీ ప్రశ్న చదివి వెంటనే 'పంపించెయ్' అని ఒక కాగితం రాసి, కవరులో పెట్టి, పోస్టు డబ్బా దాకా వెళ్ళాను. డబ్బా పక్కన నిలబడి చించేశాను. వానలో తడిసి వచ్చాను. అందుకే ఈ ఉత్తరం నాలుగు రోజులు ఆలస్యం. జ్వరం వచ్చింది, తగ్గింది, కంగారుపడకు.

దానికి చలిగాలి తగిలితే ఎడమ చెవి నొప్పి చేస్తుంది. చెప్పదు. దిండు మీద ఆ వైపే పడుకుందంటే నొప్పి ఉన్నట్టు. గుడ్డ వెచ్చచేసి పెట్టు. ఉరుములంటే భయం, కానీ భయమా అని అడిగితే ఒప్పుకోదు. అడగకుండా దగ్గర పడుకో. కథ చెప్తే మధ్యలో ప్రశ్నలు వేస్తుంది. జవాబు తెలియకపోతే తెలీదనే చెప్పు, కల్పించి చెప్తే పట్టేస్తుంది. ఇవన్నీ రాస్తుంటే ఒక్కొక్కటీ నా దగ్గరినుంచి తీసి నీకు పంపుతున్నట్టుంది. తీసుకో.

పాస్టరు గారు వచ్చారు. ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు, ప్రియమైనది అర్పించినందుకు కలిగిన ఆనందం గురించి. "ఆనందం కలగలేదండీ" అన్నాను. "మరి మనసుకి సమాధానం?" "అదీ లేదు. ఇల్లు బావురుమంటోంది. ఇద్దరికి వండి, ఒకరికి సరిపడా పారేస్తున్నాను. ముసలాయన ఎవరైనా ఫ్రేము పెట్టుకోగానే, 'ఏమంటావే' అని పక్కకి తిరిగి, నాలుక కరుచుకుంటున్నాడు. ఇదంతా సాక్ష్యంలో చెప్పనా?" అన్నాను. ఆయన తల వంచుకుని, "అదే చెప్పండమ్మా" అన్నాడు. చెప్పలేదనుకో. కానీ ఆ ఆదివారం బల్ల దగ్గరికి వెళ్ళాను. రొట్టె కోసం చెయ్యి చాపాను.

నీ మీద నాకూ కోపం వస్తుంది. ఎందుకు బతికావని ఒక్క క్షణం అనుకున్నాను కూడా. అనుకున్నందుకు దేవుణ్ణి క్షమాపణ అడిగాను, ఇప్పుడు నిన్ను అడుగుతున్నాను. మనిద్దరం ఇంత నిజాలు ఎప్పుడూ రాసుకోలేదు.

అక్క


కొండమీది ఆసుపత్రి, ఉద్యోగుల వసతి
వానల మధ్య

అక్కా,

నీ ఉత్తరం చదివి, క్షమించడానికి ఏముంది అనుకున్నాను. నేనూ ఎన్నోసార్లు ఎందుకు బతికానని అనుకున్నదాన్నే.

గురువారం పిల్ల తప్పిపోయింది. బడినుంచి రాలేదు. టెలిఫోను ఇంకొకరికి అప్పచెప్పి వానలో పరుగెత్తాను. డాక్టరు గారు పరుగెత్తవద్దన్న మాటే గుర్తు లేదు. బస్సులు ఆగే చోట, రేకుల కింద బల్ల మీద పుస్తకాల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. బస్సెక్కడానికి వచ్చిందని తెలుస్తూనే ఉంది. తిట్టాలని నోరు తెరిచాను. ఊపిరి అందక మాట రాలేదు. పక్కన కూలబడ్డాను.

అది నా వంక చూసి భయపడింది. "మీకు మళ్ళీ దగ్గు వస్తుందా?" అంది.

"రాదు. పరుగెత్తాను, అంతే."

బస్సు వచ్చింది. తలుపు తెరుచుకుంది. అది లేవలేదు, నేను ఆపలేదు. బస్సు వెళ్ళిపోయింది. అప్పుడు ఏడ్చింది, నువ్వు దింపి వెళ్ళాక మొదటిసారి. "నాకూ అక్క మీద బెంగగా ఉందే" అన్నాను.

అది ఏడుపు ఆపి, "మీ అక్కా?" అంది. అప్పటిదాకా ఆ సంగతి దానికి తట్టలేదక్కా. నువ్వు నాకూ ఉన్నావని, తనకంటే ముందే ఉన్నావని. "చిన్నప్పుడు మీకు కూడా జడ వేసేదా?" అని అడిగింది. "వేసేది. గట్టిగా లాగేది" అన్నాను. "నాకూ గట్టిగానే లాగుతుంది" అంది. వాన తగ్గేదాకా అక్కడే కూర్చుని ఇద్దరం నీ మీద చాడీలు చెప్పుకున్నాం. నువ్వు అరిచే అరుపులు, ఆదివారం పాటలు పాడితే శ్రుతి తప్పడం, అన్నీ. వచ్చేటప్పుడు నా వేలు పట్టుకుంది, బురద కదా.

మర్నాడు వసారా గోడ ఎక్కి దూకి గడ్డం చీల్చుకుంది. కుట్లు వేయించాను. ఇప్పుడు తెలిసింది, నువ్వు దాన్ని పిడుగని ఎందుకన్నావో.

వానలు వెలిశాక ఒకసారి రా. చూడాలని ఉంది, ఇద్దరికీ.

నీ చెల్లి


కళ్ళజోళ్ళ దుకాణం, పైగది
వానలు వెలిశాక, సోమవారం

చెల్లాయికి,

క్షేమంగా చేరాను.

నిన్న నీకు చెప్పకుండా వచ్చేసిన మాటలు రాస్తున్నాను. బస్సులో కొండ ఎక్కుతున్నంతసేపూ ఒకటే భయం. పిల్ల పరుగెత్తుకొచ్చి నన్ను చుట్టేసుకుంటే, సాయంత్రం ఎలా విడిపించుకోవాలా అని. దానికి చెప్పాల్సిన మాటలు దారంతా కూడబలుక్కున్నాను. తీరా గేటు దాటి వచ్చేసరికి, తోటమాలి దగ్గర నీళ్ళ గొట్టం లాక్కుని మొక్కలకి నీళ్ళు పెడుతోంది. నన్ను చూసి ముఖమంతా నవ్వింది. "ఉండు, ఈ వరస అయ్యాక వస్తా" అంది. నేను చేతిసంచీ పట్టుకుని, చుట్టపుచూపుగా వచ్చినదానిలా పక్కన నిలబడ్డాను.

వరస అయ్యాక వచ్చింది. గడ్డం మీద కుట్లు చూపించింది. నా ఒళ్ళో తల పెట్టుకుని బడి కబుర్లన్నీ చెప్పింది. అంతలో నువ్వు గుమ్మంలోంచి, "అన్నానికి రండి" అని పిలిచావు. చెప్తున్న మాట సగంలో వదిలేసి లేచి నీ దగ్గరికి పరుగెత్తింది. నేను ఖాళీ ఒడితో అక్కడే కాసేపు కూర్చున్నాను. నువ్వు, "అక్కా, కాళ్ళు పట్టేశాయా?" అని అడిగావు. అవునన్నాను.

తిరుగు బస్సులో ఏడ్చాను. పక్కసీటావిడ నా కంట్లో దుమ్ము పడిందనుకుని కిటికీ మూసింది, మంచి మనిషి.

పిల్లని దింపి వచ్చిన రోజునే ఇచ్చేశాననుకున్నాను. కాదు చెల్లీ. ఆ రోజు అది నా కోసం ఏడ్చింది. అంటే నాదింకా కొంత నా దగ్గరే ఉంది. నిన్న నన్ను మరిచిపోయి అన్నానికి పరుగెత్తింది చూడు, అప్పుడు ఇచ్చాను. అంతకుముందు ఇచ్చిందంతా ఇవ్వడానికి సిద్ధపడటమే. ఇందులో నా గొప్ప ఏమీ లేదు. నేను ఇవ్వలేదు, నా చేతుల్లోంచి వెళ్ళింది. నేను మళ్ళీ పట్టుకోలేదు, అంతే.

ఇంటికొచ్చి మోకరించాను. కావాలని అడగడానికి ఏమీ లేదు. స్తోత్రం చెబుదామంటే నోరు రాలేదు. ఊరికే ఉండిపోయాను. కింద ముసలాయన తడుముకుంటూ తలుపు గడియ వేయడం వినిపించింది, గది అంత నిశ్శబ్దంగా ఉంది. దేవుడు నాతో ఏమీ అనలేదు. కానీ గదిలో నాతోపాటు ఊరికే కూర్చున్నట్టు అనిపించింది. ఏమంటాడు, ఆయనా బిడ్డను ఇచ్చుకున్నవాడే కదా.

అక్క